ఆవం నిప్పు

సమాజశాస్త్రం వల్ల ఎవరికేం ఒరుగుతుందని మొన్న ఒక అబ్బాయి నన్ను అడిగాడు. హైదరాబాదులో ఆ చదువే చదువుతున్నాడు. ఊళ్ల మీద ఏదో సర్వే చేయడానికి కామారెడ్డి వచ్చి, రిటైరైన పంతులు నాలుగు పాత సంగతులు చెప్పకపోతాడా అని మా ఇంటికి వచ్చాడు. చాయ తాగుతూ, "అన్నీ ఉత్త మాటలే తాతా. సిద్ధాంతాలు బట్టీ కొట్టుడు, పరీక్ష రాసుడు. వాటితోని ఎవలకన్న ఏమన్న అయితదా?" అన్నాడు.

అవుతుంది నాయనా. నేను కళ్లారా చూశాను. అవి ఉత్త మాటలే అయివుంటే ఎల్లారెడ్డి దగ్గర ఒక ఊరు బాగుపడేది. ఆ పూట అతనికి ఈ మాట చెప్పే ఓపిక లేకపోయింది, కోపం కూడా వచ్చింది. అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. మీలో ఎవరైనా రేపు భుజాన సంచీ వేసుకుని ఊళ్ల మీదికి పోయేవాళ్లుంటే చదవండి. పోనివాళ్లు చదవకపోయినా నష్టం లేదు.

అప్పటికి రెండో యుద్ధం ఇంకా మొదలుకాలేదు. నేను మెట్రిక్ పాసై, కామారెడ్డి స్టేషన్ ఎదుట బియ్యం కొట్లో మా నాన్న పక్కన కూర్చుని ఈగలు తోలుకుంటున్నాను. ఉర్దూ, తెలుగు రెండూ చక్కగా వచ్చిన మున్షీ కావాలని ఎవరో కబురు తెచ్చారు. విలాయతిలో చదువుకుని వచ్చిన ఒక పెద్దమనిషి ఎల్లారెడ్డి వైపు పల్లెల్లో మనుషులు ఎలా కలిసి బతుకుతున్నారో పరిశీలిస్తాడట. ఆయన అడిగింది నేను జనానికి చెప్పాలి, జనం చెప్పింది రాసిపెట్టాలి. జీతం ఫర్వాలేదు. కొట్లో నుంచి బయటపడితే చాలని వెళ్లాను.

ఆయన్ని అందరూ ప్రొఫెసర్ సాబ్ అనేవారు. చెడ్డవాడు కాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చివరికి వచ్చేసరికి మీకు అలా అనిపించకపోవచ్చు. నన్ను ఏనాడూ నువ్వెంత అనలేదు. తన పక్కన కూర్చోబెట్టుకుని తినేవాడు. నాకు జ్వరం వస్తే తన దుప్పటి తీసి కప్పాడు.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా మోటారు బస్సు, అక్కడి నుంచి ఎడ్లబండి. మేం దిగిన ఊరు గాంధారి పోయే దారికి కాస్త పక్కగా ఉండేది. ఊరి మధ్యలో ఎత్తు గోడలతో దొర గడీ, దాని చుట్టూ ఇండ్లు. మమ్మల్ని మోసుకొచ్చిన బండి వెట్టిది. అంటే గడీ నుంచి కబురొస్తే కిరాయి లేకుండా ఎవరో ఒక రైతు తన పని మానుకుని బండి కట్టాలి. కుమ్మరి కుండలివ్వాలి, చాకలి బట్టలుతకాలి, మాదిగ చెప్పులు కుట్టాలి, అన్నీ ఊరికే. ఇలా చేయించకూడదని సర్కారు హుకుం ఉందని అందరూ విన్నవాళ్లే. దాన్ని చూసినవాళ్లు మాత్రం లేరు.

ఆ బండిలో కూర్చునే ప్రొఫెసర్ నాకు మొదటి పాఠం చెప్పాడు. "బిచ్కుంద సంతలో ఎంతమంది ఉంటారు?" అన్నాడు.

"చానమంది ఉంటరు సార్. మరాఠీ వాళ్లు, కన్నడం వాళ్లు గూడ వస్తరు."

"అంతమంది ఉన్నా అది సంఘం కాదు, గుంపు. అందులో ఒకడు రాకపోతే ఎవరికీ పట్టదు. ఏ నలుగురిలో ఒకరు కనిపించకపోతే మిగతావాళ్లకు తెలుస్తుందో, ఎందుకు రాలేదని అడుగుతారో, అది సంఘం. కులాల పేర్లు రాసుకుంటే అది దొరకదు. ఎవరు ఎవరి గడప తొక్కుతున్నారో, ఎందుకు తొక్కుతున్నారో చూడాలి."

నాకు ఒళ్లు ఝల్లుమంది. పుట్టినప్పటి నుంచి మనుషుల మధ్యే ఉన్నాను కానీ, మనుషుల్ని ఇలా చూడొచ్చని ఎవరూ చెప్పలేదు. బండి తోలుతున్న రైతు మాత్రం వెనక్కి తిరగలేదు. కోతల రోజుల్లో అతని బండి మా కింద ఉంది. ఆ సంగతి ఆ రోజు మా ఇద్దరికీ తోచలేదు.

మొదట్లో మేం చేసినవన్నీ తెలివితక్కువ పనులే. కులపెద్దల్ని పిలిచి అడిగాం. మాకు ఏది వినాలని ఉందో వాళ్లు అదే చెప్పారు. ఊరంతా ఒక్క మాట మీద ఉంటుందని, దొర తండ్రిలాంటివాడని చెప్పి, దండం పెట్టి వెళ్లిపోయారు. మగవాళ్లు కూర్చునే చోటల్లా తిరిగాం. మేం పోగానే అందరూ బీడీలు పారేసి లేచి నిలబడేవారు. ప్రొఫెసర్ తల పట్టుకున్నాడు. ఇంక మూటాముల్లె సర్దుకోవడమే అనుకున్నాను.

అప్పుడొక ఉదయం ఆయన పళ్లు తోముకుంటూ వీధిలో నిలబడి నన్ను పిలిచాడు. "ఆమెను చూడు. చేతిలో కుండపెంకు పట్టుకుని నిప్పు కోసం పోతోంది కదా. పక్కింట్లో పొయ్యి వెలుగుతోంది. ఆ పక్కింట్లోనూ పొగ వస్తోంది. అవన్నీ దాటుకుని ఊరి చివరికి ఎందుకు పోతోంది?"

నిప్పు అడిగి తెచ్చుకోవడం మాకు కొత్త కాదు. అగ్గిపెట్టె కొనడం అప్పట్లో పేద ఇండ్లకు దండుగ. రాత్రి పొయ్యిలో కప్పెట్టిన నిప్పు ఆరిపోతే, పొద్దున్నే పెంకు పట్టుకుని ఇంకో ఇంటికి పోయి రెండు కణికలు తెచ్చుకునేవారు. నేనూ మా అమ్మ కోసం తెచ్చినవాణ్నే. కానీ ఆ ప్రశ్న నాకు పుట్టేది కాదు. ఆయనకు పుట్టింది. అది ఆయన చదువు గొప్పతనం, కాదనను.

ఊరి చివర ఒక కుమ్మరి అవ్వ ఉండేది. మొగుడు పోయాడు, బిడ్డను మాచారెడ్డి దగ్గర ఇచ్చింది. ఒక్కతే కుండలు చేసేది. ఆమె వాకిట్లో ఆవం, అంటే కుండలు కాల్చే గుంట. కుండలు కాల్చినప్పుడే కాదు, ఎప్పుడూ దానిలో ఒక మూల ఊక కింద నిప్పు రగులుతూనే ఉండేది. ఆమె ఇంటికే ఎందుకు పోతారో కనుక్కోమని ప్రొఫెసర్ నన్ను పంపాడు. అవ్వ మట్టి తొక్కుతూ నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు యాడి పిలగానివి బిడ్డా? గిది గూడ తెల్వదా? ఐతారం, మంగళారం, సుక్కురారం ఇంట్ల పొయ్యి నిప్పు బయటికిస్తరా ఎవలన్న? లచ్చిమి ఎల్లిపోతదని ఇయ్యరు. పురుడున్న ఇంట్ల ఇయ్యరు, సావున్న ఇంట్ల ఇయ్యరు. కులం తక్కువోళ్లకు కొందరు ఇయ్యనే ఇయ్యరు. గిది ఇంటి నిప్పు గాదు, ఆవం నిప్పు. దీనికి వారం లేదు, వర్జ్యం లేదు. అందరికిస్త."

అందరికీ ఇచ్చేది. అలాగని ఆమెను దేవతను చేసి చూపించను. మాదిగ ఆడవాళ్లు వస్తే పెంకును దూరంగా ఒక రాయి మీద పెట్టించి, కట్టెతో కణికల్ని అందులోకి తోసేది. వాళ్లను ఆవం దగ్గరకు రానిచ్చేది కాదు. కానీ వాళ్లూ వచ్చేవారు, రాయి దగ్గర నిలబడే మాట్లాడేవారు. నిప్పు అంటుకునే లోపు ఊళ్లో సంగతులన్నీ ఆ వాకిట్లో ఒకరి నోటి నుంచి ఒకరి చెవికి చేరేవి. ఎవరైనా రెండు పూటలు రాకపోతే, "ఏందే, గా పిల్ల అవుపడ్తలేదు, పానం బాగలేదా?" అని అవ్వే అడిగేది.

ప్రొఫెసర్ నెల పొడుగునా పొద్దున్నే లేచి ఆ దారి చూశాడు. ఒక రోజు చేతులు రుద్దుకుంటూ, "ఊరికి తల ఎక్కడుందని ఇన్నాళ్లూ వెతికాం. తల లేదు. ముడి ఉంది. ఈ ఊరి ముడి ఆ ముసలమ్మ వాకిట్లో పడింది," అన్నాడు. చిన్నపిల్లవాడిలా సంతోషపడ్డాడు. నేనూ సంతోషపడ్డాను.

ఆ ముడి ఎంత గట్టిదో వెంటనే తెలిసింది. ఊళ్లో ఒక చాకలి కుర్రవాడి భార్య ప్రసవించింది. బాలింత మంచం కింద కుంపటి పెట్టడానికి అవ్వే రోజూ పెంకులో నిప్పు తీసుకుపోయేది. ఇంతలో గడీలో దొర కూతురికి శ్రీమంతం వచ్చింది. చుట్టాలు దిగారు, బట్టలు గుట్టలు పడ్డాయి. మొగుడూ పెళ్లాం ఇద్దరూ రేవుకు రావాలని గడీ మనిషి చాకలి ఇంటి ముందుకొచ్చి కేక వేశాడు. అవ్వ అప్పుడు ఆ ఇంట్లోనే ఉంది.

"పచ్చి బాలింతరా వారీ! నీళ్లల్ల దిగితే సస్తది," అంది.

"దొర మాట గది. నాకెందుకు జెప్తవ్?" అన్నాడు గడీ మనిషి.

చాకలి కుర్రవాడు గుమ్మంలోకి వచ్చి, "ఆమె రాదు. నేను గూడ రాను. గిదే మాట పోయి జెప్పు," అన్నాడు.

మరునాడు పొద్దున్నే నిప్పు కోసం వచ్చిన ఆడవాళ్లందరికీ అవ్వ ఈ సంగతి చెప్పింది. ఎవరూ సభ పెట్టలేదు, జెండా ఎత్తలేదు. ఎవరింటికి కబురొచ్చినా రేపు ఇక్కడ చెప్పండి, ఎవరూ పోకండి అని ఆ వాకిట్లో అనుకున్నారు. ఇంటికి పోయి మగవాళ్లకు చెప్పారు. ఆ రోజు నుంచి గడీకి కుండ రాలేదు, చెప్పు రాలేదు, బండి రాలేదు. మా ప్రొఫెసర్ ఎల్లారెడ్డి పోవాలంటే బండి లేక, పరుపు చుట్టిన హోల్డాలు నేనే నెత్తిన పెట్టుకుని నడిచాను. నా మెడ పట్టేసింది. అయినా నాకు ఎంత గర్వంగా ఉండిందో చెప్పలేను. వయసు అలాంటిది.

జిల్లా నుంచి పెద్ద అధికారి దౌరాకు, అంటే ఊళ్ల తనిఖీకి వస్తాడని అప్పుడే తెలిసింది. ఊరంతా ఆయన ముందు నిలబడి ఇక వెట్టి చేయబోమని చెప్పాలనుకున్నారు. ఒక్కడు చెబితే తగాదా అంటారు, ఊరంతా చెబితే హుకుం బయటికి తీయక తప్పదని వాళ్ల లెక్క. మంచి లెక్కే. ఆ రోజు దాకా నిలిస్తే వెట్టి పోతుంది. నిలవకపోతే చాకలి కుర్రవాడికి ఆ ఊళ్లో ఇల్లు ఉండదు. ఇది ఊళ్లో అందరికీ తెలుసు, గడీలోనూ తెలుసు.

దొర తెలివైనవాడు కానీ మగవాడు. తనకు తెలిసిన చోటల్లా వెతికాడు. కులపెద్దల్ని ఎండలో నిలబెట్టాడు. చాకలి కుర్రవాణ్ని కొట్టించాడు. అతని వెనక ఎవరున్నారో తేలలేదు. ఎవరూ లేరు కనుక తేలలేదు. చివరికి అనుమానం నా మీదికి వచ్చింది. కామారెడ్డి నుంచి వచ్చిన మున్షీ, నాలుగు అక్షరాలు వచ్చినవాడు, వీడే జనాన్ని ఎగదోస్తున్నాడని.

ఒక మధ్యాహ్నం దొర మమ్మల్ని భోజనానికి పిలిచాడు. ప్రొఫెసర్ లోపల పీట మీద, నేను వసారాలో, తలుపు తీసే ఉంది. భోజనం అయ్యాక దొర తాంబూలం చుట్టుకుంటూ, "ప్రొఫెసర్ సాబ్, మీ పిలగాన్ని జెర అదుపుల పెట్టుండ్రి. ఊరు కరాబు జేస్తున్నడు," అన్నాడు.

ప్రొఫెసర్ నవ్వాడు. "మా మున్షీకి అంత శక్తి లేదండీ. మీ ఊళ్లో నాయకుడే లేడు. మీరు లేనివాణ్ని వెతుకుతున్నారు," అని మొదలుపెట్టాడు. ఇక ఆగలేదు. సంత, గుంపు, సంఘం, నాకు బండిలో చెప్పిన పాఠమంతా చెప్పాడు. మనుషుల్ని కలిపేది కోపం కాదు, రోజూ కలుసుకోక తప్పని ఒక అవసరం అన్నాడు. మీ ఊళ్లో ఆ అవసరం నిప్పు, ఆ చోటు కుమ్మరి వాకిలి అన్నాడు. ఎంత చక్కగా చెప్పాడంటే, వసారాలో నేను కూడా మైమరచి విన్నాను. నన్ను కాపాడటానికి చెప్పాడో, ఇన్నాళ్లకు అర్థం చేసుకోగల శ్రోత ఒకడు దొరికాడని చెప్పాడో ఇప్పటికీ నాకు తేలదు. రెండూ కావచ్చు.

దొర చేతిలో తమలపాకు అలాగే ఉండిపోయింది. "అగ్గి కోసమా?" అన్నాడు.

ఆ ఆవాన్ని పగలగొట్టిస్తాడనుకున్నాను. అలా చేసినా బాగుండేది. ఊరు ఇంకా గట్టిపడేది. ఆయన అంత తెలివితక్కువ పని చేయలేదు. కూతురు సుఖంగా ప్రసవించాలని దొరసాని ఊళ్లో ప్రతి ఇంటికీ పసుపు, కుంకుమ, రవికె గుడ్డ, ఒక అగ్గిపెట్టె పంపించింది. మాదిగ ఇండ్లకూ వెళ్లాయి. చాకలి బాలింతకూ వెళ్లాయి. అగ్గిపెట్టె అయిపోతే ఊళ్లో కోమటి దుకాణంలో అడగండి, ఊరికే ఇస్తాడు, ఇది గడీ మాట అని చెప్పారు.

ఆడవాళ్లు ఎంత మురిసిపోయారో! ఎందుకు మురవరు? పొద్దున్నే చలిలో పెంకు పట్టుకుని పోయే పని తప్పింది. పుల్ల గీస్తే పొయ్యి అంటుకుంటుంది. ఆ సుఖాన్ని నేను తప్పు పట్టను, మీరూ పట్టకండి. అవ్వ వాకిట్లో మనుషులు పలచబడ్డారు. కొద్దిరోజులకు ఎవరూ లేరు.

ఒకామె అలవాటు కొద్దీ పోతుంటే గడీ మనిషి అడ్డం నిలబడి అడగడం నేను విన్నాను. "ఇంట్ల అగ్గిపెట్టె ఉన్నది గదనే? ఇంక కుమ్మరింట్ల ఏం పని నీకు?" పెంకు చేతిలో ఉన్నన్నాళ్లూ ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు ఉత్త చేతులతో పోతే దానికొక కారణం కావాలి. ఆమె వెనక్కి తిరిగిపోయింది.

అప్పుడు దొర అసలు పని మొదలుపెట్టాడు. ఒక్కో ఇంటికి ఒక్కో మనిషిని పంపాడు. రైతు ఇంటికి పోయి, "మాదిగోళ్లు ఒప్పుకున్నరు, మీరే మిగిలిన్రు," అన్నారు. మాదిగ ఇండ్లకు పోయి, "రైతులు రాత్రే బండ్లు పంపిన్రు," అన్నారు. అందరి దగ్గరా చివర ఒకటే మాట: "కుమ్మరి అవ్వ గూడ గడీకి కుండలు పంపింది. ఇంక ఎవల కోసం మీరు?" అవ్వ వాకిట్లో ఒక్క పొద్దు అందరూ కలిస్తే ఈ అబద్ధం నిలిచేది కాదు. కలవడానికి ఎవరికీ పని లేకపోయింది. ప్రతి ఇల్లూ తానొక్కటే మిగిలానని నమ్మింది. భయపడి, ప్రతి ఇల్లూ గుట్టుగా ఒప్పుకుంది.

నేను చేసింది ఏమైనా ఉంటే రెండు మూడు ఇండ్లకు పోయి, అది అబద్ధమని చెప్పడమే. నమ్మలేదు. "నీకేంది అయ్యా, రేపు బస్సెక్కి పోతవు," అన్నారు. నిజమే కదా. నేను వాళ్లలో ఒకణ్ని కాను, నేను కనిపించకపోతే ఆ ఊళ్లో ఎవరూ అడగరు.

అధికారి వచ్చిన రోజు గడీ ముందు డేరా వేశారు. బల్ల, కుర్చీలు, ఒక కుర్చీ ప్రొఫెసర్‌కి. చాకలి కుర్రవాడు వచ్చాడు. భార్య బిడ్డను కొంగులో చుట్టుకుని అతని వెనక వచ్చింది. వీధిలో ప్రతి గుమ్మంలోనూ మనుషులు కనిపిస్తున్నారు. ఎవరూ గడప దిగలేదు.

"ఏమిటి నీ ఫిర్యాదు?" అని అధికారి ఉర్దూలో అడిగితే పట్వారీ తెలుగులో చెప్పాడు.

"నా ఇంటామె బాలింత సర్కార్. బాలింతను గడీ బట్టలు ఉతుక రమ్మన్నరు. రానన్నం. వెట్టి చెయ్యమన్నం. నేనొక్కన్ని గాదు, ఊరంత నాతోనే ఉన్నది."

"ఊరంతానా? ఎక్కడ?"

అతను వెనక్కి తిరిగి చూశాడు. ఆ తిరగడం నేను మరిచిపోలేదు. అంతసేపూ తన వెనక జనం ఉన్నారనే అతను నిలబడ్డాడు. వెనక భార్యా బిడ్డా, ఖాళీ వీధి తప్ప ఇంకేమీ లేదు.

అప్పుడు ఊరి చివర నుంచి అవ్వ వచ్చింది. మట్టి చేతులు కూడా కడుక్కోలేదు. అతని పక్కన నిలబడి, "నేనున్న," అంది. "నేనొక్క కుండ పంపలే. పంపిన్నని ఎవలు జెప్పిన్రో నా ముంగటికొచ్చి జెప్పుండ్రి."

గుమ్మాల్లో ఆడవాళ్లు కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తాము విన్నది అబద్ధమని వాళ్లకు అప్పుడు తెలిసింది. తెలిసినా ఏం చేస్తారు? అప్పటికే ప్రతి ఇంటి మగవాడూ గడీలో మాట ఇచ్చి వచ్చాడు. ఒక్కరూ కదలలేదు.

"ఒక ఇల్లు, ఒక ముసలావిడ. ఇదా ఊరంతా?" అన్నాడు అధికారి.

నేను ఉండబట్టలేక ముందుకు పోయాను. ఊరంతా నిలబడింది నిజమని, నిన్న మొన్నటి దాకా గడీకి ఒక్క బండి కట్టలేదని, కావాలంటే మా సాబ్‌ను అడగండని ఉర్దూలో చెప్పాను. అందరూ ప్రొఫెసర్ వైపు చూశారు. ఆయనకన్నా బాగా తెలిసినవాడు లేడు. ఎలా కలిశారో తెలుసు, ఎలా విడిపోయారో తెలుసు. ఆయన ఒక్క మాట అంటే ఆ అధికారి వినేవాడు, విలాయతి చదువు అంటే ఆ రోజుల్లో అంత విలువ.

ప్రొఫెసర్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "నా పరిశీలన ఇంకా పూర్తి కాలేదు. ఇప్పుడే నిర్ధారణగా ఏమీ చెప్పలేను," అన్నాడు. దొర తాంబూలం పళ్లెం అధికారి వైపు జరిపాడు.

మర్నాడు మేం వచ్చేశాం. బండి వచ్చింది, అడగకుండానే. కొంత దూరం పోయాక ప్రొఫెసర్ నా భుజం మీద చేయి వేసి మెల్లగా, "నాకూ బాధగానే ఉంది. కానీ చూశావా, నేను చెప్పింది ఎంత సరిగ్గా తేలిందో! ముడి విప్పితే అంతా విడిపోయింది. ఇంత స్పష్టంగా ఎక్కడా రుజువు కాలేదు," అన్నాడు.

"ఒక్క మాట చెప్తే ఏం పోయేది సార్ మీకు?" అన్నాను.

"పరిశీలించేవాడు అందులో చేయి పెట్టకూడదు. అది శాస్త్రం కాదు."

"మరి గడీల భోజనం కాడ పెట్టింది ఏంది సార్?"

ఆయన చేయి తీసేశాడు. కామారెడ్డి స్టేషన్‌లో నా జీతం ఇచ్చి, బాగా చదువుకోమని చెప్పి రైలెక్కాడు. తర్వాత ఆయన చాలా పెద్దవాడయ్యాడని విన్నాను. నేను మున్షీ పనికి ఇంక పోలేదు. బడిలో పంతులుగా చేరి, రిటైరయ్యేదాకా పిల్లలకు తెలుగు, లెక్కలు చెప్పుకుని బతికాను.

ఆ వారంలోనే చాకలి కుర్రవాణ్ని ఇల్లు ఖాళీ చేయించారు. అదే స్టేషన్‌లో నేను వాళ్లను చూశాను. బొంబాయి పోతున్నారు. ఒక మూట, బిడ్డ, దొరసాని పంపిన కొత్త రవికె ఆమె ఒంటి మీద. ఉన్న ఒక్క మంచి గుడ్డ అదే కాబోలు. నన్ను చూసి అతను నవ్వబోయాడు. "తిరిగి చూడకుంటే బాగుండేదన్నా," అన్నాడు. "చూడకుంట ఉంటే, నా ఎనక ఊరంత ఉన్నదనే అనుకుంట పోయెటోన్ని."

మీరు నన్ను సిద్ధాంతాలను తిట్టేవాణ్ని అనుకోవద్దు. ఆ ప్రొఫెసర్ చెప్పినవాటిలో ఒక్క మాట తప్పు కాదు. మనుషులు ఎందుకు కలుస్తారో, కలిసినవాళ్లు ఎలా విడిపోతారో అంత బాగా చెప్పినవాణ్ని నేను మళ్లీ చూడలేదు. అదే నా ఏడుపు. అది తప్పుడు సిద్ధాంతం అయివుంటే దొర తప్పుడు చోట తవ్వేవాడు. ఆ ఊళ్లో సంఘం ఎక్కడుందో సంఘానికే తెలియదు, వాళ్లు నిప్పు కోసం పోతున్నామనే అనుకున్నారు. తెలుసుకున్నవాడు వాళ్లకు చెప్పలేదు, భోజనం పెట్టినవాడికి చెప్పాడు. మీరు ఊళ్లలో ఏదైనా కనిపెడితే, దాన్ని ముందు ఎవరికి చెబుతున్నారో చూసుకోండి. నా జీవితంలో నేర్చుకున్న సమాజశాస్త్రం ఇంతే.

యుద్ధం ముదిరాక అన్నీ కరువయ్యాయి. కిరసనాయిలు దొరకదు, అగ్గిపెట్టె దొరికినా కొనలేం. గడీ మాట మీద ఇచ్చే కోమటి ఎప్పుడో మానేశాడు, అప్పటికి ఇవ్వాల్సిన అవసరమూ గడీకి లేదు. అలాంటి రోజుల్లో బడి పని మీద ఎల్లారెడ్డి వెళ్లి, ఆ ఊరికి కూడా పోయాను. పొద్దున్నే అవ్వ వాకిట్లోకి వెళ్లేసరికి ఆడవాళ్లు పెంకులు పట్టుకుని నిలబడి ఉన్నారు. పాత ముఖాలే. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఊరు మళ్లీ కలిసిందనుకుని, నవ్వుకుంటూ పోయి ఒక పక్కన నిలబడ్డాను.

అవ్వ ఊక తోసి, కణికలు తీసి, ఒక్కో పెంకులో వేస్తోంది. ఎవరినీ కాదనలేదు. దూరంగా రాయి మీద పెట్టిన పెంకులోకీ తోసింది. తీసుకున్నవాళ్లు తలవంచుకుని ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఒక్కరూ నోరు తెరవలేదు. చివరి ఆమె కూడా పోయాక నేను దగ్గరకు వెళ్లాను.

"ఏందవ్వా, ఎవలతోని ఒక్క మాట మాట్లాడకపోతివి?"

ఆమె ఊక మళ్లీ కప్పుతూ నా వైపు చూడకుండానే అంది.

"ఏం మాట్లాడాలె బిడ్డా? నిప్పుకొచ్చిన్రు, నిప్పిచ్చిన."